ఏ గుడ్డు గంపలోకి, ఏ గుడ్డు పెనం మీదకి

మా ఇంట్లో సాయంత్రం గుడ్లు ఏరుకొచ్చాక చిన్న పంచాయితీ జరుగుతుంది. నేను పెన్సిలు పట్టుకుని ఒక్కో గుడ్డు మీద తేదీ, పెట్ట పేరు రాస్తుంటాను. మా ఆయన పెనం పొయ్యి మీద పెట్టి చూస్తుంటారు. మంచి గుడ్లన్నీ ఆయనకి కావాలి, నాకూ అవే కావాలి. ఆ పది నిమిషాల్లోనే వచ్చే ఏడాది మా మంద ఎలా ఉండబోతోందో తేలిపోతుంది. పెరట్లో పాత జాతి కోళ్ళు పెంచాలంటే గూడు, మేత, మందు అన్నీ కావాల్సిందే. కానీ అవి అమర్చడం ఒక నెల పని. ఏ గుడ్డుని పిల్ల చెయ్యాలి అన్నది మాత్రం ఏళ్ళ తరబడి రోజూ చేసే పని. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

ఏ గుడ్డు ఏ పెట్టదో ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. పన్నెండు పెట్టలున్న ఇంట్లో నెల తిరిగేసరికి తెలిసిపోతుంది. కాకి, పర్ల, డేగ అన్నవి ఈకల రంగుని బట్టి పిలిచే పేర్లు. కాకి పెట్ట గుడ్డు పొడుగ్గా ఉండి మొన తేలుతుంది. పర్ల పెట్టది గుండ్రం, కాస్త గులాబీ ఛాయ. ఏ పెట్ట గుడ్డు రంగూ ఆకారమూ ఇంచుమించు జీవితాంతం మారవు.

మొదట కొనేటప్పుడు

మేం మొదటిసారి పది పిల్లల్ని తెచ్చుకున్నప్పుడు అమ్మినాయన అచ్చమైన పాత జాతి అని ఒట్టు పెట్టాడు. రంగులు చూసి నమ్మేశాం. ఐదో నెలకే గుడ్లు మొదలుపెట్టాయి, ఏడాది పొడుగునా ఆపలేదు. మా ఆయన మహా సంతోషం. కానీ ఒక్క పెట్ట కూడా పొదుగుకి కూర్చోలేదు. ఈకల మీద పాత రంగులున్నాయి, లోపల ఉన్నది గుడ్ల కోసం తయారుచేసిన సంకర రక్తం. గుడ్డు ఆపకుండా పెట్టాలంటే పొదుగు బుద్ధి పోవాలి. అందుకే లెగ్‌హార్న్ లాంటి జాతుల్లో పొదిగే పెట్టల్ని తరతరాలుగా ఏరి పక్కన పెట్టేస్తూ వచ్చారు. పొదుగులో ఉన్న పెట్ట గుడ్డు పెట్టదు కదా.

పాత జాతి అంటే ఏమిటో అమెరికాలోని లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ అనే సంస్థ ఒక లెక్క చెబుతుంది. మనిషి సాయం లేకుండా జత కట్టాలి. ఆరుబయట ఎక్కువ కాలం బతకాలి, పెట్ట 5 నుంచి 7 ఏళ్ళు, పుంజు 3 నుంచి 5 ఏళ్ళు పనికొచ్చేలా. మెల్లగా పెరగాలి, కోతకొచ్చే బరువుకి 16 వారాల లోపు చేరకూడదు. ఆరు వారాలకే కోతకొచ్చే బ్రాయిలర్ కోడిని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ సంస్థ లెక్కలో ఇంకా నియమాలున్నాయి గానీ, పెరటి కోళ్ళకి నేను చూసేవి ఈ మూడే. నాలుగోది నా సొంతం: పెట్ట తన పిల్లల్ని తనే పెంచుకోవాలి.

కాబట్టి రోజు వయసు పిల్లల్ని కొనకండి. ఒకసారైనా పిల్లల్ని లేపి పెంచిన పెట్టల్ని రెంటినో మూడింటినో కొనండి. ఖరీదు ఎక్కువే అవుతుంది. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నారు, ఆ మాట కోడికీ చెల్లుతుంది. అమ్మేవాళ్ళ దొడ్లోకి వెళ్ళి తల్లి ఎలా ఉందో, పుంజు ఎలా నడుస్తోందో చూడండి. చూపించడానికి తటపటాయిస్తే తిరిగొచ్చెయ్యండి.

జాతి విషయానికొస్తే, అసీల్ పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది, పిల్లల్ని మాత్రం పులిలా కాస్తుంది. కడక్‌నాథ్‌కి చర్మం, మాంసం, ఎముక దాకా నలుపే, చూడ్డానికి బ్రహ్మాండం, కానీ పొదుగులో నమ్మకం తక్కువ. దాని గుడ్లు వేరే పెట్ట కింద పెట్టుకోవాలి. మెత్తటి బొచ్చుతో ఉండే సిల్కీకి పొదగడం ఒక పిచ్చి, గులకరాయి మీదైనా కూర్చుంటుంది. మెడ మీద ఈకలుండని జాతి ఎండకి బాగా తట్టుకుంటుంది. ఏదైనా ఒక్కటే ఎంచుకోండి. రెండు జాతులు ఒకే దొడ్లో కలిసి తిరిగితే మూడో ఏటికి ఆ రెండూ ఉండవు, మూడోదేదో ఉంటుంది.

గూడు, మేత

పది కోళ్ళకి ఎనిమిదడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పు గూడు చాలు, పగలు బయట తిరుగుతాయి అనుకుంటే. రాత్రి కూర్చునే కర్ర మీద ఒక్కో కోడికి 25 సెంటీమీటర్లు వదలండి. కర్ర ఎత్తు గుడ్ల పెట్టెల కంటే ఎక్కువుండాలి. లేకపోతే పెట్టెల్లోనే పడుకుని రెట్ట వేస్తాయి. గాలి కోళ్ళ తల పైనుంచి పోవాలి, ఒంటికి తగలకూడదు. కింద ఊక నాలుగు వేళ్ళ మందాన, ఎప్పుడూ పొడిగా. పిడికిట్లో పట్టి పిసికితే ముద్ద కట్టే ఊక తీసెయ్యాల్సిన ఊక.

వల మాత్రం అరంగుళం కన్నున్న ఇనప వల వెయ్యండి. నేను పల్చటి కోళ్ళ వల వేసి, కింద రెండు వేళ్ళ సందు వదిలేశాను. ఒకరోజు మిట్టమధ్యాహ్నం గుడ్లకని వెళ్తే ఏడు పిల్ల పెట్టలు గొంతు కొరికేసి పడున్నాయి, ఒక్కదాన్నీ తినలేదు. పిల్లి రాత్రి దొంగ, ముంగిస పగటి దొంగ. అప్పటిదాకా రాత్రి తలుపు వేస్తే చాలనుకునేదాన్ని. ఇప్పుడున్న ఇనప వల నేలలోకి అడుగు లోతు దిగి ఉంది.

మేతలో ఒక్క తప్పు చెయ్యకండి. గుడ్లు పెట్టే కోళ్ళ మేతలో సున్నం (కాల్షియం) నూటికి మూడున్నర నాలుగు పాళ్ళుంటుంది. పిల్లలకి కావలసింది ఒక పాలు. ఆ మేతే పిల్లలకీ వేస్తే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలకి మాంసకృత్తులు నూటికి 20 పాళ్ళుండే పిల్లల మేతే వెయ్యండి. పిల్లలు, పెట్టలు కలిసి తిరుగుతుంటే అందరికీ సున్నం తక్కువున్న మేత పెట్టి, నత్తగుల్లల పిండో గుడ్ల పెంకుల పొడో విడిగా ఒక మట్టి మూకుడులో ఉంచండి. కావలసిన పెట్ట కావలసినంతే తింటుంది. మిగతాది పురుగు, గడ్డి, చెద, నూకలు, అవే వెతుక్కుంటాయి.

గుడ్లు ఏరడం

పొదుగుకి గుడ్లు దాచేటప్పుడు ముందు పుంజు లెక్క చూసుకోండి. పెట్ట ఒంట్లో పుంజు వీర్యం సన్నటి గొట్టాల్లో దాగి రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా పనిచేస్తుంది. కాబట్టి పుంజుని మార్చిన నాలుగు రోజులకే దాచిన గుడ్లలో పాత పుంజు పిల్లలే ఉండొచ్చు. నేను మూడు వారాలు దాటాకే మొదలుపెడతాను. ఆ మూడు వారాల గుడ్లూ మా ఆయన వాటా.

గుడ్డు మరీ గుండ్రంగా, మరీ కోలగా, మరీ పెద్దగా ఉంటే వద్దు. చాలా పెద్దదాంట్లో రెండు సొనలుంటాయి, పిల్ల రాదు. పెంకు మీద గరుకు గీతలున్నా వద్దు. రెండు గుడ్లు మెల్లగా తాకించి వినండి. బాగున్నవి గాజు గోళీల్లా టంగుమంటాయి, పగులున్నది బొంగురుగా మోగుతుంది. కడగకండి. పెట్టేటప్పుడు గుడ్డు మీద కంటికి కనపడని పొర ఒకటి వస్తుంది, సూక్ష్మజీవుల్ని ఆపేది అదే. మురికి గుడ్డయితే పెనానికి పంపెయ్యండి.

దాచే చోటు చల్లగా ఉండాలి, 15 నుంచి 18 డిగ్రీలయితే మేలు. ఫ్రిజ్‌లో వద్దు, ఆ చలికి లోపలున్న జీవం పోతుంది. మొన కిందికి, లావు వైపు పైకి. వారం లోపు గుడ్లు మంచివి, పది రోజులు నా హద్దు. పెన్సిలుతో తేదీ రాసేది ఇందుకే. పెన్ను సిరా లోపలికి దిగుతుంది, పెన్సిలే వాడండి.

పొదుగుకి కూర్చోబెట్టడం

పెట్ట పొదుగుకొచ్చిందని తెలుసుకోవడం తేలికే. రాత్రయినా కర్ర ఎక్కకుండా గూట్లోనే ఉంటుంది. చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి గుర్రుమంటుంది. రొమ్ము కింద ఈకలు రాలి చర్మం వెచ్చగా తగులుతుంది. అయినా వెంటనే నమ్మకండి. రెండు పాత గుడ్లు కింద పెట్టి రెండు రాత్రులు చూడండి. మూడో రోజు పొద్దున్న కూడా అక్కడే ఉంటే అప్పుడు అసలు గుడ్లు.

గంపలో అడుగున తడి లేని మట్టి పోసి మధ్యలో పళ్ళెంలా గుంత చేసి, పైన గడ్డి పరుస్తాను. మట్టి గుంత లేకపోతే గుడ్లు అంచులకి దొర్లిపోతాయి. వేరే కోళ్ళు రాని మూల కావాలి. వస్తే అవి కూడా అందులోనే గుడ్లు పెడతాయి, పొదుగులో ఉన్నవాటికీ కొత్తవాటికీ తేడా తెలియక ఒక తల్లి కింద మూడు వయసుల గుడ్లు చేరతాయి. ఇలా ఒకసారి ఎనిమిది పిల్లలు పుట్టాక తల్లి లేచి వెళ్ళిపోయింది, మిగిలిన ఐదు గుడ్లలో పిల్లలు సగం తయారై చచ్చిపోయాయి. అప్పట్నుంచీ పొదుగు గుడ్లన్నిటికీ చుట్టూ పెన్సిలుతోనే నల్ల గీత గీస్తాను. గీత లేని గుడ్డు కనపడితే ఆ సాయంత్రమే తీసేస్తాను.

పెట్టని రాత్రి చీకట్లోనే మార్చండి. పగలు మారిస్తే పాత చోటికే పరిగెడుతుంది. మార్చేముందు రెక్కల కింద, వెనక భాగంలో పేలు చూడండి. మూడు వారాలు కదలకుండా కూర్చునే పెట్ట రక్తాన్ని పేలు, పురుగులు తాగేస్తాయి, కొన్ని గుడ్లు వదిలి పారిపోతాయి కూడా. ఎర్రటి చిన్న పురుగులు పగలు చెక్క సందుల్లో దాక్కుని రాత్రే వస్తాయి, కాబట్టి టార్చి వేసి రాత్రి చూడండి.

ఎన్ని గుడ్లు? పెట్ట కూర్చున్నాక పక్కనుంచి ఒక్క గుడ్డు కూడా కనపడకూడదు. మామూలు పెట్టకి పది, పదకొండు. ఆశపడి నేను పదిహేడు పెట్టాను. అంచున ఉన్న గుడ్లే చల్లబడతాయి, లోపలివి దక్కుతాయి అనుకున్నాను. కానీ పెట్ట రోజుకి ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లు తిప్పుతుంది, లోపలివి బయటికి, బయటివి లోపలికి జరుపుతుంది. అలా పదిహేడూ వంతులవారీగా చలి తిన్నాయి. లేచినవి నాలుగు.

రోజుకొకసారి పెట్ట లేచి తిని, తాగి, ముక్కు మూసుకునేంత పెద్ద రెట్ట వేసి, దుమ్ములో పొర్లి, పదిహేను ఇరవై నిమిషాల్లో తిరిగొస్తుంది. గుడ్లు చల్లబడిపోతున్నాయని కంగారు పడకండి. గింజలు, నీళ్ళు గంపకి నాలుగడుగుల దూరంలో పెట్టండి. మరీ దగ్గర పెడితే లేవదు, గంపలోనే రెట్ట వేస్తుంది.

ఏడో రోజు రాత్రి గుడ్డుని టార్చి మీద పెట్టి చూడండి. లోపల సాలీడులా నల్లటి చుక్క, చుట్టూ ఎర్రటి కాళ్ళు కనపడితే పిల్ల పెరుగుతోంది. ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజు తగలని గుడ్డు. ఎర్రటి ఉంగరం కనపడితే మొదలై ఆగిపోయింది. ఆ రెండు రకాలూ తీసెయ్యాలి, ఉంచితే కుళ్ళి పగిలి మిగతావాటినీ పాడుచేస్తాయి. పదునాలుగో రోజు ఇంకోసారి. ఈ మధ్యలో నేను పిల్లలకి పేర్లు పెట్టేస్తుంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా ఆయన పెనం దగ్గర్నుంచి గొణుగుతారు.

పద్దెనిమిదో రోజు నుంచి గంప జోలికి వెళ్ళొద్దు. పిల్ల తల తిప్పుకుని గాలి ఉన్న వైపు సర్దుకుంటుంది. చివరి రెండు రోజులు తల్లి గుడ్లతో మాట్లాడుతుంది, లోపల్నుంచి కిచకిచ జవాబు వస్తుంది. దూరంగా కూర్చుంటే మీకూ వినపడుతుంది.

ఇరవై ఒకటో రోజు పెంకు మీద చిన్న నక్షత్రంలా పగులు పడుతుంది. అక్కణ్ణుంచి పిల్ల బయటికి రావడానికి పన్నెండు గంటలు పట్టొచ్చు, ఒక రోజూ పట్టొచ్చు. అంతసేపు చూడలేక ఒకసారి నేను గోటితో పెంకు ఒలిచాను. రక్తం వచ్చింది. పెంకు లోపలి పొరలో రక్తనాళాలు ఇంకా ఎండలేదు, పచ్చసొన ఇంకా కడుపులోకి పూర్తిగా పోలేదు. పిల్ల అంతసేపు ఆగేది ఆ రెండూ పూర్తవడం కోసమే. నా అరచేతిలోనే పోయింది ఆ పిల్ల. ఆ పచ్చసొనే పిల్లకి మొదటి రెండు రోజుల తిండి. అందుకే ముందు పుట్టినవి ఏమీ తినకపోయినా, తల్లి కింద వెచ్చగా ఉండి చివరివాటి కోసం ఆగగలవు.

మొదటి రెండు నెలలు

నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వెయ్యండి, లేకపోతే మునిగి చస్తాయి. మొదటి వారం తల్లినీ పిల్లల్నీ పెద్ద గంప కింద మూసి ఉంచి, ఎండ పూట కాసేపు వదలండి. వెచ్చదనానికి దీపాలేవీ అక్కర్లేదు, తల్లి చాలు. గద్దని చూస్తే ఒక కేక, నేల మీద పిల్లి కనపడితే ఇంకో కేక వేస్తుంది. మొదటి కేకకి పిల్లలు ఎక్కడివక్కడ పొదల్లో అతుక్కుపోతాయి. పది రోజులు విన్నాక నేనూ ఆ కేకకే కర్ర పట్టుకుని పరిగెడుతున్నాను. దొడ్లో తక్కువ ఎత్తు పొదలు రెండు మూడు ఉంటే పిల్లలు దక్కుతాయి. శుభ్రంగా చదును చేసిన దొడ్డి గద్దకే బాగుంటుంది.

కొక్కెర తెగులుకి టీకా ఒక్కటి తప్పించుకోవద్దు. ఆ రోగం వస్తే మెడ మెలి తిరుగుతుంది, ఆకుపచ్చ రెట్ట వేస్తాయి, మంద మొత్తం వారంలో పోవచ్చు. మందు లేదు. లసోటా టీకా అయిదు నుంచి ఏడు రోజుల వయసులో కంట్లో ఒక చుక్క. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో రావాలి, మంచు పెట్టెలో పెట్టి తేవాలి, కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి. తర్వాతి మోతాదులు, మశూచి టీకా ఎప్పుడన్నది పశువైద్యుడు చెప్పినట్టు వేయించండి. మూడో వారం నుంచి ఆరో వారం దాకా రెట్టలో రక్తం కనపడుతుందేమో చూస్తుండండి. అది తడి ఊకలో పెరిగే రోగం, ఊక తడిసిందన్న కబురు. బయటి నుంచి కొత్త కోడి వస్తే నెల రోజులు విడిగా ఉంచాకే మందలో కలపండి, ఎవరిచ్చినా సరే.

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య తల్లి పిల్లల్ని పొడిచి తరిమేస్తుంది. ఆ పూట చూడ్డానికి బాధే. మళ్ళీ గుడ్లు పెట్టబోతోందన్నమాట.

పుంజు ఎవరు

ఒక పుంజు పదిమంది పెట్టలకి చాలు, అందుకే అందరూ ఒక్క పుంజునే ఉంచుతారు. జాతి పాడయ్యేది అక్కడే. చిన్న లెక్క చూడండి. పుంజుల సంఖ్యని పెట్టల సంఖ్యతో, మళ్ళీ నాలుగుతో హెచ్చవేసి, మొత్తం కోళ్ళ సంఖ్యతో భాగిస్తే, రక్తం కలగలుపు లెక్కలో ఆ మంద నిజంగా ఎన్ని కోళ్ళతో సమానమో వస్తుంది. ఒక పుంజు, పది పెట్టలు: 40ని 11తో భాగిస్తే మూడున్నర చిల్లర. మూడు పుంజులు, అవే పది పెట్టలు: 120ని 13తో భాగిస్తే తొమ్మిది పైన. పెట్టలు అవే అయినా, ఇంకో రెండు పుంజులు కలిపితే రక్తం కలగలుపు రెండున్నర రెట్లవుతుంది. ఒక్క పుంజుతో సాగే మందలో గుడ్లు తేటగా ఉండిపోవడం, పిల్లలు పెంకులోనే పోవడం నాలుగైదు తరాల్లో మొదలవుతాయి. మేత తప్పనో ఎండ తప్పనో అనుకుంటాం.

నేను మందని మూడు ఇళ్ళుగా విడదీశాను, ఒక్కో ఇంటికి ఒక పుంజు, నాలుగు పెట్టలు, కాలికి ఒక రంగు ప్లాస్టిక్ ఉంగరం. ఎరుపింటి కొడుకు నీలం ఇంటికి వెళ్తాడు, నీలం ఇంటి కొడుకు పసుపింటికి, పసుపింటి కొడుకు ఎరుపింటికి. కూతుళ్ళు పుట్టింట్లోనే ఉంటారు. ఎప్పుడూ అదే దిక్కున తిప్పితే అన్నా చెల్లెళ్ళు జత కట్టరు. ఇళ్ళు విడిగా కట్టక్కర్లేదు. ముందు ఆగే మూడు వారాలూ, గుడ్లు దాచే రోజులూ కలిపి నాలుగైదు వారాలు మాత్రం విడిగా ఉంచితే సరిపోతుంది, మిగతా కాలం పెట్టలన్నీ కలిసి తిరుగుతాయి. పుంజులు మాత్రం కొట్టుకోకుండా వంతులవారీగా వదలాలి.

పుంజుని రంగు చూసి ఎంచకండి, నేను ఆ తప్పు చేశాను. నిప్పులా మెరిసే డేగ పుంజు ఒకటుండేది, ఇంట్లో చిన్నపిల్లల కళ్ళ మీదికి ఎగిరేది. దాని కొడుకులూ అంతే. ఇప్పుడు చూసేవి: కాళ్ళు రెండూ నిటారుగా ఉన్నాయా, చేత్తో తడిమితే రొమ్మెముక వంకర లేకుండా ఉందా, గింజ దొరికితే తను తినకుండా పెట్టల్ని పిలుస్తున్నాడా, నేను గూట్లోకి వెళ్తే పక్కకి తప్పుకుంటున్నాడా. పెట్టలో అయితే రెండో ఏట పడ్డదాని గుడ్లే పొదుగుకి పెడతాను. అప్పటికి అది ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, ఒక ఈకలు రాల్చే కాలం గట్టెక్కి ఉంటుంది. ఎన్ని గుడ్లు పెట్టిందో, ఎన్ని పిల్లల్ని లేపిందో, ఎన్నింటిని పెద్ద చేసిందో పుస్తకంలో మూడు గడులు గీసి రాసుకోండి. మూడో గడే ముఖ్యం. మా కాకి పెట్ట పదకొండులో పది లేపుతుంది, నెల తిరిగేసరికి నాలుగే మిగులుతాయి, వర్షంలో వాటిని నడిపించుకుని తిరుగుతుంది మరి. పర్ల పెట్ట ఏడే లేపుతుంది, ఏడింటినీ పెంచుతుంది.

ఈ సాయంత్రం తట్టలో ఎనిమిది గుడ్లున్నాయి. కాకి పెట్టది అన్నిటికంటే పెద్దది, అది మా ఆయనకిచ్చేశాను. ఇంకా మొదటి ఏట ఉన్న పెట్టలవి ఐదు, అవీ ఆయనకే. డేగ పెట్టదానికి రెట్ట అంటింది, అదీ పెనం మీదకే. పర్ల పెట్టది ఒక్కటి నాకు. గంప నిండడానికి ఇంకా నాలుగు కావాలి.